కాగితం పేర వెలసిన పట్టణం

సూరత్ నుండి తెలుగుదేశానికి మరలివచ్చే రైళ్ళలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ముఖ్యమైనది. గోడాదరా, లింబాయత్, ఉధనా పేటలలో మరమగ్గాల మీద బ్రతుకుతున్న తెలంగాణ పద్మశాలీలకు పుట్టిన ఊరి మీద మనసు పుట్టినప్పుడు జ్ఞప్తికి వచ్చే బండి అది. భుసావల్, వార్ధా, బల్హార్షా గడచి, వార్ధా నది మీది వంతెన దాటి, అడవిలో కొంతదూరం పోయిన పిమ్మట సిర్పూర్ టౌన్ అనే చిన్న స్టేషను, దాని తర్వాత కొద్ది మైళ్ళకే సిర్పూర్ కాగజ్‌నగర్ అనే పెద్ద స్టేషను వస్తవి. రెండింటికీ సిర్పూరే ఇంటిపేరు. మొదటిది గోండు రాజుల నాటి కోట గల పాత ఊరు. చాందా గోండు రాజుల తొలి రాజధాని అదేనని ప్రతీతి. రెండవదానికి వయస్సు ఇంకా నూరేండ్లు నిండలేదు. అది ఒక మిల్లుతోపాటు పుట్టినది.

కంపెనీకీ పట్టణానికీ గల సంబంధం సూరత్ వాసులకు కొత్త విషయం కాదు. 1612లో సువాలి రేవు దగ్గర పోర్చుగీసులను ఓడించి, మరుసటి యేడు జహంగీరు ఫర్మానా సంపాదించి, ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ తన కోఠీని ఆ నగరంలోనే నెలకొల్పుకొన్నది. అయితే కంపెనీ వచ్చేనాటికే సూరత్ మహానగరం. మక్కా యాత్రికుల ఓడలు బయలుదేరే మొగలాయి రేవు. కంపెనీ అక్కడికి బేరానికి వచ్చినదే గాని ఊరు కట్టలేదు. కనుకనే కంపెనీ తన కారోబారును బొంబాయికి మార్చుకొన్న తర్వాత నగరం సన్నగిల్లినా మాసిపోలేదు. వేరొక వృత్తిని పట్టుకొని మరల లేచి నిలిచినది. కంపెనీయే కట్టిన ఊరికి ఆ వెసులుబాటు ఎంతవరకు ఉంటుందన్న ప్రశ్నకు సమాధానం వెదకదలచినవారు నవజీవన్ బండి దారిలోనే ఉన్న ఈ కాగజ్‌నగరాన్ని చూడవలెను.

ముందుగా పేరు సంగతి. పారసీక భాషలోని ‘కాగజ్’ అనే మాట ఉర్దూ ద్వారా ఈ ఊరికి వచ్చినది. తెలుగువారి ‘కాగితం’ కూడా ఆ మాట బిడ్డయే. మరాఠీవారి ‘కాగద్’, వంగీయుల ‘కాగొజ్’ దాని తోబుట్టువులు. కాబట్టి కాగజ్‌నగరమంటే అచ్చముగా కాగితాలపురమే. మన దేశంలో కర్మాగారాల చుట్టు వెలసిన పట్టణాలకు సామాన్యంగా యజమానుల పేర్లుంటవి. సాక్చీ అనే పల్లెలో 1907 నుండి పెరిగిన ఉక్కు పట్టణానికి 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు జంషెడ్‌జీ టాటా పేరు పెట్టినాడు. దాల్మియానగర్, మోదీనగర్, వాల్‌చంద్‌నగర్, కిర్లోస్కర్‌వాడి — ఇవన్నీ శ్రేష్ఠుల పేర్లే. తెలంగాణలో మాత్రం వస్తువు పేరు పెట్టే ఆచారం కనబడుతున్నది. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం చుట్టు వెలసిన పేటకు శక్కర్‌నగర్ అన్నారు. పూర్వం కొత్తపేట అనే గ్రామమున్న చోట కాగితపు మిల్లు లేచిన తర్వాత కాగజ్‌నగర్ అన్నారు. ఇది కవుల చమత్కారం కాదు, దీనికి ఆర్థిక కారణమున్నది. ఈ రెండింటి వెనుకా ఒక్క శెట్టి లేడు. హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం 1929లో నెలకొల్పిన పారిశ్రామిక నిధి ఉన్నది. సర్కారు సొమ్ము వాటాగా పెట్టి ప్రైవేటు నిర్వాహకుల చేత పరిశ్రమలు నడిపించడం ఆ నిధి ఉద్దేశం. అందుచేత ఊరికి పెట్టడానికి చేతిలో ఒక వ్యక్తి పేరు లేదు. సరుకు పేరే మిగిలినది. ఈ చిన్న విషయం తర్వాతి కథలో పెద్దదైనది.

సిర్పూర్ పేపర్ మిల్సు కంపెనీ 1938లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో రిజిస్టరయినది. 1942 నుండి కాగితం బయటికి రాసాగినది. స్థలనిర్ణయం చేసినవారి తెలివిని మెచ్చుకొనవలసినదే. కాజీపేట–బల్హార్షా రైలుమార్గం 1929లో పూర్తి అయి, మద్రాసుకూ ఢిల్లీకీ నడుమ దగ్గరి దారి తెరచుకొన్నది. అదే దారిలో బెల్లంపల్లి బొగ్గుగనులున్నవి. ప్రాణహితలో కలిసే పెద్దవాగు నీరు ఊరి పక్కనే ఉన్నది. వీటన్నింటినీ మించి చుట్టుప్రక్కల క్రోసుల కొద్దీ వెదురు ఉన్నది. ఉత్తరాది కాగితపు మిల్లులు తొలుత సబాయి గడ్డిని నమ్ముకొన్నవి. గడ్డి చాలక వెదురు వైపు తిరిగినవి. ఇరవయ్యవ శతాబ్ది రెండవ పాదానికి వెదురుతో మంచి వ్రాతకాగితం తీయవచ్చునని రుజువైనది. ఆ రుజువు కాగానే ఆదిలాబాదు అడవికి వెల ఏర్పడినది.

ఆ అడవిలో అంతకుముందు నుండీ మనుషులున్నారన్న సంగతి స్థలనిర్ణయపు కాగితాలలో ఎంత చోటు సంపాదించినదో ఊహించుకొనవచ్చును. గోండులు, కోలాములు, ప్రధానులు పోడు కొట్టుకొని, పశువులు మేపుకొని బ్రతికిన నేల అది. సంస్థానం రిజర్వు అడవుల హద్దులు గీసి వారి పోళ్ళను నేరంగా ఎంచసాగినది. ఆసిఫాబాదు ప్రాంతంలో కొమరం భీము నాయకత్వాన పన్నెండు గూడేలు తిరగబడ్డవి; 1940లో జోడేఘాట్ గుట్టల మీద భీమూ అతని అనుచరులూ తుపాకులకు బలియైనారు. మిల్లు రిజిస్టరైన రెండేండ్లకు, మొదటి కాగితం వెలువడడానికి రెండేండ్ల ముందు, అదే తాలూకాల నేల మీద జరిగిన ఘట్టమిది. మిల్లు కారణంగానే తిరుగుబాటు వచ్చినదని చెప్పడం తొందరపాటు అవుతుంది. తిరుగుబాటుకు మూలం పోడుభూములు, అటవీ సిబ్బంది దౌర్జన్యం, పశువుల పుల్లరి. కాని అడవి సర్కారు సొత్తు అన్న ఒకే సూత్రం నుండే అటు కేసులూ ఇటు వెదురు కాంట్రాక్టులూ పుట్టినవి. తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫును పిలిచి కారణాలు విచారించమన్నది. ఆయన మార్లవాయి గూడెంలో ఇల్లు కట్టుకొని ఉండి, గోండులకు పట్టాలు ఇప్పించడానికీ బడులు పెట్టించడానికీ సిఫారసులు చేసినాడు. 1943లో మొదలైన ఆ విద్యాపథకానికి గోండి భాషలో వాచకాలు నాగరి లిపిలో తయారైనవి. ఒకే అడవిలో ఒక అంచున వెదురు కాగితమవుతుండగా, మరొక అంచున అంతవరకు కాగితం మీదికి ఎక్కని భాష ఎక్కినది.

వెదురు కాగితమయ్యే విధం ఒకసారి చెప్పుకొంటే ఊరి బ్రతుకు సుబోధమవుతుంది. కూపుల నుండి లారీల మీదా రైలు పెట్టెలలోనూ వచ్చిన బొంగులను యంత్రం మొదట ముక్కలుగా నరుకుతుంది. ఆ ముక్కలను ఆవిరి కాగులలో సోడా క్షారంతోనూ గంధకపు లవణంతోనూ కలిపి ఒత్తిడి మీద ఉడికిస్తారు. నారను నారతో అంటగట్టి ఉంచే పదార్థం కరిగి నల్లని రసమై విడిపోతుంది, నార మిగులుతుంది. దానిని కడిగి, తెల్లబరచి, నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు నీరుండే పలుచని జావగా చేసి, పరుగెత్తే తీగె జల్లెడ మీదికి వదలుతారు. నీరు క్రిందికి కారిపోతుంది. మిగిలిన పొరను రోలర్లు పిండుతవి, ఆవిరితో కాగిన సిలిండర్లు ఆర్చుతవి. జల్లెడ మీద పడిన జావ నిమిషాలలో కాగితపు చుట్టగా తిరుగుతుంది. ఇదంతా రాత్రింబవళ్ళు ఆగరాదు. ఆగితే కాగులలో జావ చెడుతుంది. కాబట్టి ఊరు మూడు షిఫ్టుల ఊరైనది. మిల్లు కూతయే గడియారం. గాలి తిరిగినప్పుడు గంధకపు వాసన ఊరంతా వ్యాపిస్తుంది. కొత్తవారు ముక్కు మూసుకొంటారు, ఊరివారికి అది జీతం వస్తున్నదనడానికి గుర్తు. ఆ నల్లని రసమూ కడుగునీళ్ళూ చివరకు పెద్దవాగునే వెదకుకొన్నవి. దిగువ గ్రామాల రైతుల మొరలు పట్టణం కంటే కొద్దిగానే చిన్నవి, వయస్సులో.

మిల్లు రాకముందు తెలంగాణకు కాగితం లేదనుకొనరాదు. కోరుట్లలో కాగజీలు పాత గోనెలనూ నారనూ నానబెట్టి, దంచి, చట్రాల మీద ఎత్తి చేసిన ముతక కాగితం దఫ్తరాల లెక్కలకు చాలాకాలం వాడుకలో ఉండినది. అంతకుముందు గంటమూ తాటాకూ ఉండనే ఉన్నవి. కాని అచ్చుయంత్రాల యుగానికి కోరుట్ల కాగితం చాలదు. రెండవ ప్రపంచయుద్ధంలో దిగుమతులు తగ్గి పత్రికలు పుటలు కుదించుకొన్న రోజులలో సిర్పూరు కాగితం ఎంత ఆదరవుగా కనబడినదో చెప్పనక్కరలేదు. మిల్లు రిజిస్టరైన 1938లోనే వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించినాడు. గంపలో పుస్తకాలు పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మినాడు. తెలుగు చదువుకు పైకం లేని సంస్థానంలో తెలుగు పుస్తకానికి పాఠకులను పుట్టించిన మనిషి ఆయన. నిజాము చివరి రోజులలో ఆయనా దాశరథీ నిజామాబాదు జైలులో కలిసి ఉండగా, దాశరథి పద్యాలు వ్రాయడానికి దొరికినవి గోడ, బొగ్గు. సొంత కాగితపు మిల్లు గల ప్రభుత్వం తన కవికి ఒక తావు ఇవ్వలేకపోయినది. సాహిత్య చరిత్రలలో ఈ గోడ ముచ్చట తరుచుగా వస్తుంది గాని, ఆ సంవత్సరాలలోనే ఉత్తరాన మిల్లు జల్లెడ మీద జావ పరుగెత్తుతూనే ఉన్నదన్న సంగతిని దానితో జోడించి చూచినవారు తక్కువ.

పోలీసు చర్య తర్వాత హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైనది. 1950 ప్రాంతంలో మిల్లు నిర్వహణ బిర్లాల చేతికి వచ్చినది. యజమాని మారినా ఊరి పేరు మార్చే ప్రసక్తి రాలేదు. బిర్లానగర్ అని పిలువవలసిన అగత్యం ఎవరికీ తోచలేదు. కంపెనీ క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, క్లబ్బు, ఆటస్థలం, కంపెనీ నీరు, కంపెనీ దీపాలు — ఇవి ఒక వైపు. కంపెనీ జీతాన్ని నమ్ముకొని వెలసిన బజారు, కిరాణా, దర్జీలు, హోటళ్ళు మరొక వైపు. ఇట్టి ఊళ్ళలో తండ్రి తర్వాత కొడుకు అదే ఖాతాలో అదే యంత్రం దగ్గర నిలవడం సహజంగా తోచే ధర్మం. కోస్తా జిల్లాల నుండి గుమాస్తాలు, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి పనివారు, పొరుగున మరాఠీలు, పాత ఉర్దూ కుటుంబాలు వచ్చి చేరడంతో బజారు భాష నాలుగు భాషల పులుసైనది. తర్వాత తూర్పు బెంగాలు నుండి శరణార్థులుగా వచ్చిన వంగీయులను మండలంలోని గ్రామాలలో కుదురుకొల్పినారు. వారి ఊరొకటి కవి కాజీ నజ్రుల్ ఇస్లాం పేర నజ్రుల్‌నగర్ అయినది. కాగితం పేర ఒక నగరం, దాని పక్కనే కవి పేర ఒక నగరం. ఎవరూ పన్నని ఇటువంటి పొత్తు తెలుగుదేశంలో మరొక చోట దొరకడం దుర్లభం.

మిల్లుకు తోడుగా ఇదే పట్టణంలో ఇంకొక కర్మాగారం లేచినది. సిర్పూరులోని మొదటి అక్షరాలకు సిల్కును అతికి దానికి సిర్‌సిల్క్ అని పేరు పెట్టినారు. జనం నోట అది సర్‌సిల్క్. కృత్రిమపు పట్టుదారం దాని సరుకు. కాగితానికైనా రేయానుకైనా మూలద్రవ్యం చెట్టునారయే గనుక ఈ జంట అసహజం కాదు. న్యాయశాస్త్రం చదివేవారు ఈ పేరును నేటికీ మరువలేరు. కార్మికులకూ కంపెనీకీ నడుమ తగవు ట్రిబ్యునలుకు వెళ్ళగా, 1957లో ట్రిబ్యునలు తన తీర్పును ప్రభుత్వానికి పంపినది. ప్రభుత్వం దానిని ప్రకటించకముందే ఉభయులూ తమలో తాము రాజీ పడి, ఇక ఆ తీర్పు ప్రకటించవద్దని కోరినారు. ప్రకటించక తప్పదని చట్టం చెప్పుచున్నదని ప్రభుత్వం పట్టుపట్టినది. 1963లో సుప్రీంకోర్టు, ప్రకటన తప్పనిసరియే అయినా తగవే లేకుండా పోయిన తర్వాత తీర్పును ప్రకటిస్తే సమాధానపడినవారి మధ్య మరల చిచ్చు పెట్టినట్లవుతుందని, ఇటువంటి ప్రత్యేక పరిస్థితిలో ప్రకటించరాదని నిర్ణయించినది. పారిశ్రామిక శాంతి పుస్తకం కంటే పెద్దదని దీని సారాంశం. ఆ శాంతి దక్కించుకొన్న కర్మాగారం మాత్రం దక్కలేదు. 1980ల నడుమ సర్‌సిల్క్ మూతపడినది. దాని కాలనీ పేరు నిలిచినది. దారం రావడం ఆగినది. కృత్రిమ పట్టు నేత సూరత్‌లో పెరిగి పెరిగి, ఆ మగ్గాల కోసం తెలంగాణ చేనేతకారులు వేలుగా పడమటికి పోయినారు. దారం వడికిన నేల మీద పని లేదు. దారం నేసే నగరానికి ఆ నేలవాసులే దిక్కు. గోడాదరా తెలుగుపేటల పుట్టుకలో ఈ విడ్డూరం కూడా ఒక పోగు.

వెదురు సంగతికి మరల రావలెను. వెదురు శాస్త్రరీత్యా గడ్డి జాతి. కాని 1927 నాటి భారతీయ అటవీ చట్టం దానిని చెట్ల జాబితాలో చేర్చినది. చెట్టు గనుక అడవిలోనిదంతా ప్రభుత్వానిది. ప్రభుత్వం దానిని మిల్లులకు కూపుల లెక్కన ఇయ్యవచ్చును. అదే వెదురుతో తట్టలు, చాటలు, గుమ్ములు అల్లి బ్రతికే కోలాములూ మేదరులూ ఒక మోపు కొట్టుకొంటే దొంగలు. ఈ న్యాయాన్ని సరిచేయడానికి ఎనుబది యేండ్లు పట్టినది. 2006 అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించి ఆదివాసులకు దాని మీద హక్కు చెప్పినది. 2017లో పార్లమెంటు 1927 చట్టాన్ని సవరించి వెదురును చెట్ల పట్టిక నుండి తొలగించినది. గడ్డి మరల గడ్డియైనది. అప్పటికి మిల్లుల దగ్గరి వెదురు చాలవరకు పలుచబడినది. కొన్ని దశాబ్దాలకొకమారు వెదురు మూకుమ్మడిగా పూచి ఎండిపోవడం ప్రకృతి ధర్మమైనా, పూతకు ముందే మొదలంట నరకడం మనుష్యధర్మమైనది. లేత కొమ్ములను విడిచి ముదురు బొంగులనే తీయవలెనన్న నియమం పుస్తకాలలో ఉన్నది. కాంట్రాక్టరుకు టన్నుల లెక్క ఉన్నది. ఫలితంగా మిల్లు జామాయిలు, సుబాబుల్ కర్రను ఆశ్రయించవలసి వచ్చినది. ఏ అడవి కోసం మిల్లు అక్కడ పుట్టినదో ఆ అడవి ఇక దానికి ఆధారం కాదు. కొయ్యను దూరాల నుండి రైతుల పొలాల వద్ద కొనే మిల్లుకు కాగజ్‌నగరమే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ప్రతి యేడూ కొంచెం బలహీనపడినది.

ఇంకొక వ్యాజ్యాన్ని ఇక్కడ చెప్పక తప్పదు, అది వినోదమూ విషాదమూ కూడాను. కంపెనీ భాగాలు కొన్ని కొని, కొన్ని తాను చేసుకొని, ఒక కాగితపు యంత్రాన్ని మిల్లులోనే కూర్చి నిలిపినది. ఎక్సైజు శాఖవారు ఇది తయారైన సరుకు, సుంకం కట్టమన్నారు. యంత్రం కాంక్రీటు దిమ్మెలో పాతుకొని ఉన్నది, ఇది భవనం వంటి స్థిరాస్తి, సరుకు కాదు పొమ్మని కంపెనీ వాదించినది. 1997లో సుప్రీంకోర్టు కంపెనీ వాదం ఒప్పుకొనలేదు. యంత్రం కదలక మెదలక నడవడానికే దిమ్మెకు బిగించినారు; చెట్టువలె నేలలో పుట్టినది కాదు; విప్పి అమ్మదలచితే అమ్మవచ్చును; కనుక సరుకేనన్నది. సుంకం కోసం పుట్టిన ఈ తర్కంలో ఊరివారికెవరికీ ఆనాడు ఆసక్తి ఉండి ఉండదు. యంత్రం విప్పి అమ్మదగినదే. దాని చుట్టు పెరిగిన ఇండ్లు, బడులు, మసీదులు, గుడులు, పెండ్లిసంబంధాలు మాత్రం ఏ మరచుట్టుతోనూ విప్పరానివి.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. ఆ సెప్టెంబరులో సిర్పూర్ మిల్లు ఆగినది. అప్పులు, ముడిసరుకు ధర, పాత యంత్రాలు, పోటీ — కారణాలు అన్నీ తెలిసినవే. అదే సంవత్సరంలో గోదావరి ఒడ్డున కమలాపురంలోని రేయాను గుజ్జు కర్మాగారం కూడా ఆగిపోవడం చూస్తే ఇది ఒక్క యాజమాన్యపు అసమర్థత మాత్రమే కాదని తెలుస్తుంది. 2011 జనాభా లెక్కలలో కాగజ్‌నగర్ జనం 57 వేలకు పైచిలుకు. వారిలో మిల్లు హాజరుపట్టీలో పేరున్నవారు కొద్దిపాటి భాగమే. కాని మిగిలినవారి త్రాసులు, కత్తెరలు, ఆటోలు, ట్యూషన్లు ఆ కొద్దిపాటి భాగపు జీతం మీద తిరుగుతుండినవి. మూత అంటే గేటుకు తాళం మాత్రమే కాదు. క్వార్టరు కంపెనీది, నీరు కంపెనీది, దీపం కంపెనీది. ఉద్యోగం పోయిన రోజుననే అద్దెకున్న మనిషి ఎవరి ఇంట్లో ఉన్నాడో, ఎవరి నీరు త్రాగుతున్నాడో తెలియని స్థితిలో పడినాడు. గుమ్మం ముందు వేపచెట్టు తానే నాటినది. గుమ్మం తనది కాదు. నలుబది యేండ్లు నిండి కాగితం తప్ప మరొక పని ఎరుగని చేతికి ఇతర మిల్లులు స్వాగతం పలుకవు. పడుచువారు హైదరాబాదుకూ మహారాష్ట్రకూ వెళ్ళారు. పెద్దవారు ఊళ్ళోనే కూర్చుండి బకాయిల కోసం ధర్నాలు చేసినారు.

ఈ మధ్యకాలంలోనే, 2016 అక్టోబరులో, రాష్ట్రం జిల్లాలను విడగొట్టగా కాగజ్‌నగర్ కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరినది. ఆగిన మిల్లు పట్టణం, అడవి కోసం చచ్చిన మనిషి పేరు గల జిల్లాలోనిదైనది.

2016 నాటి దివాలా చట్టం క్రింద వ్యవహారం హైదరాబాదులోని కంపెనీ లా ట్రిబ్యునలుకు చేరినది. మామూలుగా ఇట్టి సందర్భాలలో విలువైనది స్థలమూ ఇనుమూను. యంత్రాలు పాత ఇనుము లెక్కన పోతవి. అట్లు కాకుండా 2018లో జె.కె. పేపర్ సంస్థ మిల్లును మిల్లుగానే తీసుకొనడానికి ముందుకు వచ్చినది. రాష్ట్రప్రభుత్వం కొయ్య విషయంలో, పన్నుల విషయంలో రాయితీలు ప్రకటించినది. ఆ జూలైలో ట్రిబ్యునలు ఒప్పుకొన్నది. నాలుగేండ్ల విరామం తర్వాత గేటు తెరిచారు. మరమ్మతులు జరిగి తిరిగి కాగితం వచ్చినది. పాత పనివారిని కొత్త షరతుల మీద తీసుకొన్నారు; అందరినీ కాదు. పూర్వపు సేవాకాలం, పూర్వపు బకాయి, పూర్వపు జీతం అనే మాటలకు కొత్త కంపెనీ లెక్కలో అర్థం మారినది. ఈ విషయంలో ట్రిబ్యునలు కాగితాలు ఒక కథ చెబితే గేటు దగ్గర నిలబడినవారు మరొకటి చెబుతారు, రెండూ నిజమే. అప్పు ఇచ్చిన బ్యాంకు కొంత వదులుకొనడాన్ని చట్టం ‘పరిష్కారం’ అంటుంది. ఇరువది యేండ్ల సర్వీసు వదులుకొన్న మనిషికి ఆ మాట రుచించకపోతే తప్పుపట్టలేము.

మిల్లు ఈ విధంగా చేతులు మారుతూ వచ్చినది: సంస్థానపు నిధి, బిర్లాలు, చివరకు జె.కె. సంస్థ. కొత్త యజమాని వచ్చిన ప్రతిసారీ సంస్థ పేరులో సిర్పూర్ అలాగే ఉన్నది, ఊరి పేరులో కాగజ్ అలాగే ఉన్నది. యజమానుల పేరు మీద వెలసిన దాల్మియానగరానికి ఈ అదృష్టం లేదు. అక్కడి కర్మాగారాలు 1984లో ఆగినవి. అయితే పేరు మాత్రమే కాపాడుతుందని అనుకొనరాదు. దీనికి సాక్ష్యం బోధన్‌లోనే ఉన్నది. అదే పారిశ్రామిక నిధి కాలంలో, అదే సంస్థానంలో, ఇంచుమించు అదే యేడు పుట్టిన నిజాం చక్కెర కర్మాగారంలో 2002లో ప్రభుత్వం పెద్దవాటాను ప్రైవేటు సంస్థకు అమ్మినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. దానిని తెరవడానికి కమిటీలు కూర్చున్నవి. చెరకు రైతులు వరికి మళ్ళారు. వెదురు లేకపోతే జామాయిలు దొరికినది, కొయ్యను దూరం నుండి తేవచ్చును. కోసిన చెరకు మాత్రం ఒకటి రెండు రోజులలో గానుగ చేరకపోతే రసం చెడుతుంది. మిల్లు నాలుగేండ్లు ఆగితే చుట్టు చెరకే ఉండదు, చెరకు లేనిదే మిల్లు లేదు. శక్కర్‌నగర్ అన్న పేరు నేటికీ చిరునామాలలో వ్రాయబడుతున్నది.

కాగజ్‌నగర్ స్టేషనులో బండి నిలిచే కాలం కొద్ది నిమిషాలే. రాత్రివేళ ఊరి బయట రోడ్డు మీద చెక్కుతీసిన జామాయిలు దుంగల లారీలు వరుసగా నిలిచి, గేటు దగ్గర తూకానికి తమ వంతు కోసం చూస్తుంటవి. వెదురు లారీలు వాటిలో అరుదు.